మాల్ కవరుతో వచ్చినవాళ్ళు: కర్నూలు పాత బజారులో ఒక బట్టల దుకాణం కేసు

చిల్లర దుకాణాలకు సరుకు, లెక్కలు, అమ్మకాల విషయంలో సలహా ఇవ్వడం నా పని. ఈ కేసు కర్నూలు వన్ టౌన్‌లో, కొండారెడ్డి బురుజు నుంచి నడిచిపోయేంత దూరంలో ఉన్న ఒక బట్టల దుకాణానిది. యజమాని ఒప్పుకున్నాకే రాస్తున్నాను. వీధి, దుకాణం పేరు, ఇంటి వివరాలు తీసేశాను. రాబడి అంకెలు ఇవ్వలేదు, నిష్పత్తులు మాత్రం ఉన్నవున్నట్టే ఉంచాను. ఊరి బయట మాల్స్ వచ్చి నడిబొడ్డు దుకాణాలను తినేశాయన్న మాట ఇప్పుడు ప్రతి వ్యాపారి నోటా వింటున్నాం. అందులో నిజం ఎంతో, ఎక్కడ ఆగుతుందో ఈ దుకాణం బిల్లుల్లో బాగా కనిపించింది. రాయడానికి కారణం అదే.

నేపథ్యం

మూడు తరాల దుకాణం. తాత మూట నెత్తిన పెట్టుకొని పల్లెలు తిరిగి అమ్మి, ఆ డబ్బుతో బజారులో జాగా కొన్నాడు. కింద గద్దె, పైన రెండు అంతస్తులు. చీరలు, డ్రెస్ మెటీరియల్, పంచెలు, తువ్వాళ్ళు, జాకెట్టు గుడ్డలు, పై అంతస్తులో రెడీమేడ్. గిరాకీ మూడు వైపుల నుంచి వచ్చేది. చుట్టుపక్కల వీధుల వాళ్ళు ఒకరు. కోడుమూరు, గూడూరు, నందికొట్కూరు, డోన్ వైపు పల్లెల వాళ్ళు రెండు. తుంగభద్ర అవతల అలంపూరు, గద్వాల వాళ్ళు మూడు. 2014లో రాష్ట్రం రెండైనా ఆ అవతలి వాళ్ళు పెళ్ళిబట్టలకు ఇటు రావడం మానలేదు.

2009 అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ కలిసి ఊరిని ముంచినప్పుడు, దీపావళికని దించిన సరుకుతో సహా కింది అంతస్తు మొత్తం బురదలో కలిసింది. అప్పు తెచ్చి మళ్ళీ నిలబెట్టుకున్నారు. అయితే కాపురం మాత్రం ఊరి అవతలి వైపు, మెరక మీది కాలనీకి మార్చారు. వాళ్ళ దగ్గర ఏళ్ళతరబడి కొన్న కుటుంబాలు కొన్ని అప్పుడే అటు పోయాయి. ఆ తర్వాత పిల్లలకు ఉద్యోగాలొచ్చి, బ్యాంకు లోన్లతో ఇళ్ళు కట్టుకొని ఇంకొన్ని పోయాయి. బస్టాండ్ అంతకు చాలా ముందే బళ్ళారి చౌరస్తా వైపు పోయింది. ఇక్కడ మిగిలింది పాత బస్టాండ్ అన్న పేరే. 2022 ఏప్రిల్ 4న నంద్యాల వేరే జిల్లా అయింది. నందికొట్కూరు, డోన్ కూడా అందులోకే వెళ్ళాయి. కలెక్టరాఫీసు పని మీద కర్నూలు వచ్చి, పని అయ్యాక బజారు చూసుకొని పోయే జనం ఆ వైపు నుంచి తగ్గారు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మాల్ వచ్చినందుకు జనం కదల్లేదు. జనం ముందే కదిలారు, వాళ్ళ వెనకాల మాల్ వెళ్ళింది. మన ఊళ్ళలో మాల్ అంటే ఎక్కువగా నాలుగైదు అంతస్తుల బట్టల షోరూమ్, పక్కన ఒక సూపర్‌మార్కెట్, తినడానికి ఏదో ఒకటి, బండ్లకు బోలెడంత జాగా. విశాలమైన కొత్త రోడ్లు, స్థలం ధర కాస్త తక్కువ ఉన్న చోటే అవి లేచాయి.

వచ్చిన సమస్య

2023 ఎండాకాలంలో తండ్రీకొడుకులు ఇద్దరూ కలిసి వచ్చారు. కరోనా తర్వాత అందరికీ గిరాకీ తిరిగొస్తే తమకు మాత్రం రాలేదని వాళ్ళ బాధ. తండ్రి తేల్చిన కారణం పార్కింగ్.

“ఈ సందులో బండి పెట్టేకి జాగా లేదు సార్. ఆడైతే కారు కింద పెట్టి లిఫ్టెక్కి పోతారు. ఈడికెవురొస్తారు?”

కొడుకు తేల్చిన కారణం వేరు. దుకాణం పాతబడిపోయింది, ఇన్‌స్టాలో లేదు, కుర్రవాళ్ళకు నచ్చదు. కారణాలు వేరైనా ఇద్దరూ ఒకే మందు చెప్పారు. ఊరి బయట, మాల్ పక్కనే ఒక బ్రాంచి. దానికి అప్పు ఎంత తేవచ్చో లెక్క వేసిమ్మని నన్ను అడిగారు.

అప్పు లెక్క పక్కన పెట్టి ముందు బిల్లులు అడిగాను. ఏ దుకాణానికైనా ముందుగా వచ్చే జబ్బు ఒకటుంది: మొత్తం రాబడి ఒక్కటే చూసుకోవడం. రోజు చివర గల్లాలో ఎంత పడిందో యజమానికి తెలుసు. ఏ గంటలో, ఏ సరుకు మీద, ఎలాంటి మనిషి దగ్గర నుంచి పడిందో తెలియదు.

బిల్లులు చెప్పింది

ఇక్కడ జీఎస్టీ అనుకోకుండా మేలు చేసింది. 2017 జూలై 1 నుంచి ప్రతి బిల్లూ కంప్యూటర్‌లో ఉంది. చీరకు ధర ఎంతైనా 5 శాతమే. రెడీమేడ్‌కు అప్పట్లో వెయ్యి రూపాయల దాకా 5, ఆపైన 12. పన్ను తేడా ఉంది కాబట్టి ఏ సరుకుకు ఆ సరుకు వేరే కోడ్‌తో ఎక్కించారు. పన్ను కోసం పెట్టుకున్న ఆ విభజన మాకు అమ్మకాల చరిత్ర అయి కూర్చుంది.

మూడు రకాలుగా కోసి చూశాం: సరుకును బట్టి, రోజూ గంటలను బట్టి, బిల్లు పరిమాణాన్ని బట్టి. కరోనాకు ముందు ఏడాదితో పోలిస్తే రాబడి నాలుగో వంతు పైగా పడిపోయింది. బిల్లుల సంఖ్య మాత్రం దాదాపు అంతే ఉంది. ఈ ఒక్క విషయం దగ్గరే కేసు సగం తిరిగింది. జనం రావడం మానలేదు. వచ్చి చిన్న బిల్లు చేసి పోతున్నారు.

ఇంకాస్త లోపలికి పోతే, ఆదివారం సాయంత్రాలు, పండగ ముందు రోజులు కూలిపోయాయి. వారం మధ్యలో పొద్దున పది నుంచి మధ్యాహ్నం రెండు దాకా ఉన్న బేరం కదల్లేదు. రెడీమేడ్ సగానికి పైగా పోయింది. పదిహేను వందల నుంచి ఆరు వేల మధ్య ఫ్యాన్సీ చీరలు బాగా దెబ్బతిన్నాయి. జాకెట్టు గుడ్డలు, లైనింగ్, లోపలి లంగాలు, పంచెలు, తువ్వాళ్ళు కొంచెం పెరిగాయి కూడా. ఈ పెరుగుదల ఇంట్లో ఎవరూ గమనించలేదు. వంద, రెండొందల బిల్లులు ఎవరి కంట పడతాయి?

పార్కింగ్ వాదాన్ని పక్కకు నెట్టేసే ముందు పరీక్షించాలి. అదే అసలు కారణమైతే కారు, బైక్ మీద దూరం నుంచి వచ్చేవాళ్ళు పోవాలి. నడిచి వచ్చేవాళ్ళు మిగలాలి. దుకాణానికి నాలుగు వీధుల లోపు ఉన్న పాత కుటుంబాల జాబితా తండ్రి నోటిమీదే ఉంది. ఒక్కొక్కరినీ బిల్లుల్లో వెతికాం. నడిచొచ్చేంత దగ్గర ఉన్న ఆ ఇళ్ళవాళ్ళు కూడా పండగ బట్టలకు మాల్‌కే పోతున్నారు. ఆటో మాట్లాడుకొని మరీ పోతున్నారు. పార్కింగ్ కష్టం నిజమే, గిరాకీ పోవడానికి మొదటి కారణం మాత్రం అది కాదని తేలింది.

మరి ఎందుకు పోతున్నారు? కౌంటర్ దగ్గర మాట కలిపి తెలుసుకున్నాం. ఎన్ని ఇళ్ళను కదిపినా జవాబు ఒకటే దారిలో నడిచింది. పండగ బట్టలు ఇప్పుడు ఇంట్లో పెద్దవాళ్ళు ఎంచడం లేదు, పిల్లలు ఎంచుతున్నారు. ఆదివారం సాయంత్రం అందరూ కలిసి బయటికి పోవడం ఒక కార్యక్రమం. బట్టలు కొనడం, తినడం, ఫోటోలు దిగడం, నెల సామాన్లు తెచ్చుకోవడం అన్నీ అందులోనే. ఇంకో కారణం కూడా ఉంది, దాన్ని ఎవరూ పైకి గట్టిగా చెప్పరు. మాల్‌లో పది చీరలు తీసి చూసి, ఏదీ కొనకుండా బయటికి రావచ్చు. గద్దె మీద పెద్దాయన ఇరవై చీరలు పరిచాక, “నచ్చలేదు” అని లేచి రావడానికి మొహమాటం. ఒకామె నవ్వుతూ, “ఈడ చూస్తే కొనాల్సిందే కదన్నా” అంది. మనం మర్యాద అనుకున్నది ఆమెకు ఒత్తిడిగా ఉంది.

ఇక్కడ కొంచెం పాత సిద్ధాంతం. 1931లో విలియం రైలీ అనే అమెరికన్ ఒక సూత్రం చెప్పాడు. రెండు ఊళ్ళు మధ్యలోని జనాన్ని లాక్కునే బలం వాటి జనాభాతో పెరుగుతుంది, దూరం వర్గంతో (అంటే దూరాన్ని దూరంతోనే గుణిస్తే వచ్చేదానితో) తగ్గుతుంది. 1960ల్లో డేవిడ్ హఫ్ దాన్ని దుకాణాల స్థాయికి తెచ్చాడు. ఆయన లెక్కలో ముఖ్యమైన మెలిక ఒకటుంది. దుకాణం మొత్తం వైశాల్యం కాకుండా, ఆ మనిషి వెతికే రకం సరుకుకు అక్కడ ఎంత జాగా ఇచ్చారన్నది చూడాలి. దూరాన్ని కూడా మైళ్ళలో కాకుండా ప్రయాణానికి పట్టే సమయంలో కొలవాలి.

హఫ్ చెప్పినట్టు చూస్తే బొమ్మ తిరగబడింది. ఫ్యాన్సీ చీరకు, రెడీమేడ్‌కు మాల్ పెద్దది, దాని ముందు మా దుకాణం ఎంత? కానీ ఒక చీరకు సరిపోయే జాకెట్టు గుడ్డ, దానికి లైనింగ్, ఫాల్స్, పీకో, కుట్టేవాడు, హుక్కులు, లేసు, ఎంబ్రాయిడరీ మగ్గం, వీటన్నిటినీ ఒక్క సరుకుగా చూస్తే? దానికి కర్నూలులో అన్నిటికంటే పెద్ద మాల్ ఈ పాత బజారే. వీధిలో ఉన్న చిన్న చిన్న దుకాణాలన్నీ కలిసి ఒకే కప్పు లేని ఒక మాల్. ఇక్కడ వీటికి ఇచ్చిన జాగాలో పదో వంతు కూడా ఏ షోరూమ్ ఇవ్వలేదు, ఇవ్వదు కూడా. నాలుగు వందల రంగుల లైనింగ్ తానులు పెట్టుకుంటే ఆ అద్దె గిట్టదు.

సాక్ష్యం మా కళ్ళముందే ఉంది. వారం మధ్యలో పొద్దునపూట దుకాణంలోకి వచ్చే ఆడవాళ్ళలో చాలామంది చేతిలో మాల్ కవరు ఉంది. ఆదివారం అక్కడ కొన్న చీరను మంగళవారం ఇక్కడికి తెచ్చి, దానికి సరిపోయే గుడ్డ వెతుక్కుంటున్నారు. దుకాణంలో పనివాళ్ళు వాళ్ళను కాస్త చిన్నచూపు చూస్తున్నారు. “ఆడ కొని ఈడ చించుకుపోతారు” అని ఒక ముసలి సేల్స్‌మ్యాన్ గొణుగుడు. పోటీదారు అనుకున్నవాడే వారానికి ఇంతమందిని మనకు పంపిస్తున్నాడని ఎవరికీ తట్టలేదు.

అంతకుముందు చేసినవి

నేను రాకముందే రెండు పనులు చేశారు. మొదటిది, ముందు గద్దె తీసేసి అద్దాల తలుపు, ఏసీ పెట్టారు. పల్లె నుంచి వచ్చేవాళ్ళు మెట్ల మీద నిలబడి “రెండు మీటర్ల టూ బై టూ ఉందా అన్నా?” అని జాకెట్టు గుడ్డ అడిగేవాళ్ళు. ఇప్పుడు అద్దం చూసి ముందుకు పోతున్నారు. మూసిన తలుపు వెనక రేటు ఎక్కువ ఉంటుందని జనం అనుకుంటారు. మాల్‌కు ఏసీ ఉంటే ఎవరికీ ఆ అనుమానం రాదు, ఎందుకంటే అక్కడ పదిమంది ముందే లోపలికి పోతుంటారు.

రెండోది, పది శాతం తగ్గింపు బోర్డు. దీని లెక్క మన వ్యాపారుల్లో చాలామంది వేసుకోరు. వంద రూపాయల సరుకు డెబ్బై అయిదుకు కొన్నాం అనుకోండి, మిగిలేది ఇరవై అయిదు. పది తగ్గిస్తే మిగిలేది పదిహేనే. పాత లాభమే రావాలంటే మూడు చీరలు అమ్మే చోట అయిదు అమ్మాలి. అంటే అరవై ఏడు శాతం ఎక్కువ. మొహమాటం వల్ల, పిల్లల ఇష్టం వల్ల పోయిన మనిషిని పది శాతం వెనక్కి తేలేదు. వెనక్కి వచ్చిన కొద్దిమంది ఎలాగూ వచ్చేవాళ్ళే. వాళ్ళకు ఊరికే పది రూపాయలు వదులుకున్నట్టయింది.

బ్రాంచి ప్రయోగం

ఈ లెక్కలన్నీ చూపించాక కూడా బ్రాంచి కోరిక చావలేదు. ఇక్కడ నా ముందు రెండు దారులున్నాయి. గట్టిగా వద్దనడం ఒకటి. అలా చెబితే వాళ్ళు ఆగేవాళ్ళే, కానీ ఆ ఇంట్లో “ఆయన మాట విని ఛాన్స్ పోగొట్టుకున్నాం” అనే మాట ఏళ్ళ తరబడి తిరుగుతుంది. పాత దుకాణం మీద మనసు పెట్టరు. రెండోది, నష్టానికి ముందే గోడ కట్టి, వాళ్ళకు వాళ్ళే చూసుకోనివ్వడం. రెండో దారి పట్టాను. షరతులు మూడు. పదకొండు నెలల అద్దె ఒప్పందం మాత్రమే, గోడలకు ఫిటింగులు వద్దు, కొత్త అప్పు వద్దు. పాత దుకాణంలో ఉన్న సరుకే పంచుకోవాలి.

దసరా, దీపావళి సీజన్ మొత్తం నడిచింది. ఓడిపోయిన తీరు చూడదగ్గది. మాల్‌కు వచ్చినవాళ్ళు పక్కనున్న చిన్న దుకాణంలోకి ఎందుకు వస్తారు? అక్కడ అయిదు అంతస్తులు చూశాక ఇక్కడ చూడ్డానికి ఏముంది? కాలనీలకు మారిపోయిన పాత కుటుంబాలు వచ్చాయి, కొత్త దుకాణం చూసి సంతోషపడ్డాయి. “పాతది తీసేయలేదు కదా?” అని అడిగి, మ్యాచింగ్‌కు మళ్ళీ వన్ టౌన్‌కే పోయాయి. ఎందుకంటే వాళ్ళ టైలర్ అక్కడే ఉన్నాడు. ఇంకో దెబ్బ సరుకు మీద పడింది. ఒకే చీర రెండు చోట్లా ఉంచాలి, లేకపోతే అడిగిన చోట ఉండదు. సరుకు పెరిగింది, అమ్మకం పెరగలేదు. ఇద్దరు మంచి సేల్స్‌మ్యాన్లు అటు పోవడంతో పాత దుకాణం ఇంకాస్త చప్పబడింది.

సంక్రాంతికి ముందే కొడుకు తానే వచ్చి తీసేద్దామన్నాడు. ఖర్చు అయింది, కానీ అంచనా వేసుకున్న ఖర్చే. ఇంట్లో వాదన ముగిసింది. ఆ ధరకు అది ఎక్కువేం కాదని ఇప్పటికీ నా అభిప్రాయం.

పనిచేసింది

పోయిన గిరాకీని వెనక్కి తెచ్చే ప్రయత్నం మానేసి, పోని గిరాకీని పెంచాలని నిర్ణయించాం. వినడానికి తేలికగా ఉంది. ఒప్పించడమే కష్టమైంది. తండ్రికి ఇది అవమానంలా తోచింది.

“మా నాయన పట్టుచీరలు పరిచిన గద్దె మీద నేను జాకెట్టు గుడ్డలు చింపుకుంటా కూర్చోవాల్నా?”

దీనికి మాటలతో జవాబు చెప్పలేం. సరుకు తిరిగే వేగం చూపించాను. వంద రూపాయలు పట్టుచీరలో పెడితే, ముప్పై రూపాయల లాభంతో ఏడాదికి ఒకసారి తిరుగుతుంది. అదే వంద లైనింగ్‌లో పెడితే, లాభం పదిహేనే అయినా ఏడాదికి అయిదుసార్లు తిరుగుతుంది. మొదటి వంద ముప్పై ఇస్తే రెండో వంద డెబ్బై అయిదు ఇస్తుంది. పైగా పట్టుచీర మీద వడ్డీ, రంగు దిగిపోయే భయం, ఫ్యాషన్ మారే భయం. ఇవి ఉదాహరణ అంకెలే. ఆయన సొంత పుస్తకంలోంచి తీసిన అంకెలు పక్కన పెట్టినప్పుడు తేడా ఇంకా ఎక్కువగా కనిపించింది. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, కొడుకును పిలిచి “లైనింగ్ యాడ నుంచి తెప్పిస్తాండావు?” అని అడిగాడు.

మొదట దుకాణం ముందు భాగం మార్చాం. అద్దాల తలుపు తీసేశాం. ఏసీ పై అంతస్తుకు పోయింది. గద్దె తిరిగొచ్చింది, కానీ దాని మీద చీరలకు బదులు టూ బై టూ, లైనింగ్, పాప్లిన్ తానులు రంగుల వరసలో, వీధిలో నిలబడ్డ మనిషికి కనిపించేలా. పగటి వెలుతురు పడే చోట ఒక బల్ల. మ్యాచింగ్ చూసుకోవడానికి లైట్ల కంటే ఎండ వెలుతురు కావాలి. ఆడవాళ్ళు చీర కొంగు పట్టుకొని రోడ్డు మీదికి వచ్చి చూసుకోవడం గమనించి పెట్టిన బల్ల అది. మాల్ కవరుతో వచ్చినవాళ్ళను ఎలా చూడాలో పనివాళ్ళకు ఒకే మాట చెప్పాం: వాళ్ళు తెచ్చిన చీరను మెచ్చుకోండి. గొణిగే పెద్దాయనకు ఇది మింగుడు పడటానికి టైమ్ పట్టింది. రంగు పట్టుకోవడంలో ఆయనను మించినవాడు బజారులోనే లేడు. కొన్నాళ్ళకు జనం ఆయన కోసమే రావడం మొదలుపెట్టాక దారికొచ్చాడు.

తర్వాత టైలర్లు. చుట్టుపక్కల సందుల్లో ఉన్న టైలర్లు, ఫాల్స్ కుట్టే ఆడవాళ్ళతో ఒక ఏర్పాటు. గుడ్డ ఇక్కడ కొంటే, కొలత జాకెట్టు ఇక్కడే ఇచ్చి పోవచ్చు. కుట్టినది ఇక్కడే తీసుకోవచ్చు. దుకాణం కమీషన్ తీసుకోకూడదని నేను పట్టుబట్టాను. కారణం ఏమిటంటే, కమీషన్ తీసుకుంటే టైలర్ ఆ మేరకు కూలి పెంచుతాడు, లేదా పని ఆలస్యం చేస్తాడు, చెడ్డపేరు మనకు వస్తుంది. మనకు కావలసింది ఆ మనిషి రెండుసార్లు దుకాణం మెట్లెక్కడం. ఇచ్చేటప్పుడు ఒకసారి, తీసుకునేటప్పుడు ఒకసారి. అలంపూరు, కోడుమూరు వాళ్ళకు ఇది బాగా కలిసొచ్చింది. ఒకే రోజు బంగారం అంగడి, బట్టలు, టైలర్ అన్నీ ఒక చోట ముగించుకొని సాయంత్రం బస్సు పట్టుకోవచ్చు.

అన్నిటికంటే పెద్ద మార్పు పెట్టుబడి చీరల్లో, అంటే పెళ్ళిలో చుట్టాలకు పెట్టే చీరల్లో వచ్చింది. పెళ్ళికూతురు చీరకు మాల్‌కు పోతారు, అందులో మనం చేయగలిగింది లేదు. చుట్టాలకు పెట్టే ముప్పై, నలభై చీరలు, పంచెలు, జాకెట్టు ముక్కలు వేరే లోకం. అక్కడ పిల్లల ఇష్టంతో పనిలేదు. ఇంటి పెద్దామె చేతిలో ఒక చీటీ ఉంటుంది. ఎవరికి ఎంతలో పెట్టాలి, ఎవరు మనకు అంతకుముందు ఏం పెట్టారు, వదినకు తక్కువైతే ఏమవుతుంది అన్నవి ఆ చీటీలో లెక్కలు. మాల్‌లో యూనిఫాం వేసుకున్న అమ్మాయితో ఇదంతా ఎవరు చెప్పుకుంటారు? మా దుకాణంలో కొడుకు భార్య ఆ పనికి కూర్చుంది. చీటీ తీసుకొని, ధరల వారీగా కట్టలు కట్టి, ఒక్కో కవరు మీద పేరు రాసి ఇస్తుంది. ఇంట్లో పెళ్ళిపనుల టెన్షన్‌లో ఉన్నవాళ్ళకు ఇది ఎంత ఊరటో చెప్పక్కర్లేదు. ఇది నా ఆలోచన కాదు, ఆమెది.

దానికి నేను చేర్చింది వాపసు. పెళ్ళయ్యాక కవరు విప్పని చీరలు పదిహేను రోజుల్లో తెస్తే డబ్బు వెనక్కి. తండ్రి గట్టిగా వ్యతిరేకించాడు. మాల్ బిల్లు వెనక సరుకు మార్చుకోవచ్చని ఉంటుందే తప్ప డబ్బు తిరిగి ఇస్తామని ఉండదని, వాళ్ళే ఇవ్వనిది మనమెందుకు ఇవ్వాలని ఆయన వాదన. వాళ్ళు ఇవ్వలేరు కాబట్టే మనం ఇవ్వాలన్నది నా వాదన. పెళ్ళివాళ్ళకు ఉండే భయం చీరలు మిగిలిపోతాయని. ఆ భయంతోనే తక్కువ కొని, చివరి నిమిషంలో చాలక పరుగులు తీస్తారు. భయం తీసేస్తే ముందే నాలుగు ఎక్కువ తీసుకుంటారు. ప్రమాదాన్ని అదుపులో పెట్టడానికి, మళ్ళీ మళ్ళీ తెప్పించే రకాలకే వాపసు అని నియమం పెట్టాం. సీజన్‌తో పోయే ఫ్యాన్సీకి లేదు. వెనక్కి వచ్చినవాటికి క్రెడిట్ నోట్ రాస్తే పన్ను సర్దుబాటు అవుతుంది. వచ్చినవి మేం అనుకున్నదానికంటే చాలా తక్కువ. మిగిలిన చీరను ఇంకో పెళ్ళికి దాచుకోవడమే మన ఇళ్ళలో అలవాటు కదా.

వేళలు కూడా మార్చాం. పదిన్నరకు తెరిచే దుకాణం తొమ్మిదికే తెరుస్తున్నారు, పల్లె బస్సులు, సర్వీసు ఆటోలు అప్పటికే జనాన్ని దింపేస్తాయి. ఆదివారం మధ్యాహ్నం తర్వాత మూసేస్తున్నారు. రంజాన్ నెల చివరి రోజుల్లో మాత్రం అర్ధరాత్రి దాటేదాకా ఉంటున్నారు, అప్పుడు పాత బజారు ముందు ఏ మాల్ అయినా బోసిపోవలసిందే. రెడీమేడ్ ఉన్న పై అంతస్తును ఖాళీ చేసి మగ్గం పని చేసేవాళ్ళకు అద్దెకిచ్చారు.

ఫలితం గురించి

రాబడి కరోనా ముందు స్థాయికి రాలేదు. ఆ స్థాయి వస్తుందని నేను మొదటి నుంచీ చెప్పలేదు. పడిపోవడం ఆగింది, కొంత తేరుకుంది. సరుకులో ఇరుక్కున్న డబ్బు దాదాపు మూడో వంతు తగ్గింది, వడ్డీ ఆ మేరకు తగ్గింది. చేతికి మిగిలేది పెరిగింది. తండ్రి ఇప్పటికీ నలుగురిలో రాబడి అంకే చెబుతాడు, అదీ పాత అంకె. వ్యాపారి మర్యాద గల్లాలో ఉందని నమ్మిన తరం వాళ్ళది, నేను దాన్ని మార్చబోలేదు.

పనిచేయనివి కూడా రాయాలి. గద్వాల, ధర్మవరం పట్టుచీరలు నిల్వ పెట్టకుండా, వాట్సాప్‌లో ఫోటోలు చూపించి నేతవాళ్ళ దగ్గర నుంచి తెప్పించి ఇద్దామనుకున్నాం. పట్టుచీర చేత్తో పట్టుకోకుండా ఎవరూ అడ్వాన్స్ ఇవ్వలేదు. దగ్గర్లో ఖాళీ స్థలం మాట్లాడి పార్కింగ్ అని బోర్డు పెట్టాం, దాన్ని పక్క దుకాణాలవాళ్ళు తమ బండ్లకు వాడుకున్నారు.

ఈ కేసు నుంచి నేను తీసుకున్నవి

మాల్స్ గురించి చదివే పుస్తకాలు ఎక్కువగా అమెరికావి. మిన్నియాపొలిస్ దగ్గర ఈడైనాలో 1956లో తెరిచిన సౌత్‌డేల్ దగ్గర నుంచి కథ మొదలవుతుంది. దాన్ని గీసిన విక్టర్ గ్రూయెన్ వియన్నా మనిషి. కార్ల వల్ల చెదిరిపోయిన శివార్లకు ఒక నడిబొడ్డు కట్టివ్వాలన్నది ఆయన కోరిక. అక్కడ ఇళ్ళు, కార్లు, దుకాణాలు అన్నీ కలిసి బయటికి పోయాయి, పాత నడిబొడ్డు నిజంగానే ఖాళీ అయింది. ఆ కథను తెచ్చి కర్నూలుకు అతికిస్తే తప్పు సలహా ఇస్తాం. ఇక్కడ ఇళ్ళు పోయాయి, పండగ షాపింగ్ పోయింది. టైలర్ పోలేదు, బంగారం అంగడి పోలేదు, పల్లె మనిషి రాకపోకలు పోలేదు. షాపింగ్ అలవాటు మారిందంటే అది ఏ పనికి, ఏ రోజు, ఎవరి నిర్ణయంతో మారిందో విడదీయకుండా మందు రాయకూడదు.

ఇలాంటి కేసు వస్తే ఇప్పుడు నేను మొదట అడిగేవి రెండే. బిల్లుల సంఖ్య తగ్గిందా, బిల్లు పరిమాణం తగ్గిందా? సంఖ్య తగ్గితే అది వేరే జబ్బు, వీధే చచ్చిపోతూ ఉండొచ్చు, అప్పుడు నేను చెప్పినదేదీ పనికిరాదు. రెండోది, దుకాణానికి వచ్చేవాళ్ళ చేతుల్లో ఏ కవర్లున్నాయి?

మేం ఇప్పుడు కనిపెట్టి చూస్తున్నది టైలర్లను. దుకాణం నిలబడింది వాళ్ళ మీద. వాళ్ళలో చాలామందికి యాభై దాటాయి, పిల్లలు ఆ పనిలోకి రావడం లేదు. కాలనీల్లో ఆడవాళ్ళు ఇళ్ళలోనే బొటిక్‌లు పెడుతున్నారు, మాల్స్ రెడీమేడ్ జాకెట్లు వేలాడదీస్తున్నాయి. కొడుకు ఆ బొటిక్‌ల జాబితా రాసుకొని, వాళ్ళకు లైనింగ్, టూ బై టూ తానులు హోల్‌సేల్‌గా ఇవ్వడం మొదలుపెట్టాడు. ఇప్పటిదాకా వాళ్ళకు సరుకు ఇచ్చింది నగదు మీదే. అప్పు ఇవ్వాలా, ఇస్తే ఎన్ని రోజులకు అన్నది వచ్చే శ్రావణం లోపు తేల్చుకోవాలి.